మనిషి మానేస్తే ఎన్ని రోజుల జీతం పోతుంది?

ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పదకొండేళ్లు అకౌంట్స్ చూశాను. 34 మంది పనిచేసే ప్రెస్. జీతాలు, ఓవర్‌టైమ్, కాగితం కొనుగోళ్లు, పార్టీల బిల్లులు అన్నీ నా టేబుల్ మీదుగానే పోయేవి. అయినా మనిషి మానేస్తే ఎంత ఖర్చవుతుందో అందులో ఎనిమిదేళ్లు నాకు తెలియదు. లెక్కలు రాక కాదు, ఆ ఖర్చుకి ఖాతా లేక. పుస్తకాల్లో జీతాలకో పేజీ ఉంటుంది, కరెంటుకో పేజీ ఉంటుంది. మనిషి మానేసిన ఖర్చుకి మాత్రం పేజీ ఉండదు. అది ఓవర్‌టైమ్‌లో కొంత, కాగితం వేస్టేజిలో కొంత, ఎవరికో ఇచ్చిన డిస్కౌంటులో కొంత కలిసిపోయి ఉంటుంది.

అది నాకు దొరికింది ఒక మెషిన్‌మ్యాన్ వల్ల. నాలుగు రంగుల మెషిన్ మీద ఆరేళ్లు చేశాడు. ఒకరోజు వచ్చి, "అక్కా, ఈ నెలాఖరుకి మానేస్తున్నా. సెటిల్‌మెంట్ కాస్త తొందరగా చూడండి" అన్నాడు. ఓనరు గారికి చెబితే, "పోతే పోనీండి, ఇంకొకడు వస్తాడు" అన్నారు. ఇంకొకడు వచ్చాడు కూడా. నాలుగు నెలలు గడిచాక అదే ఓనరు గారు నన్ను పిలిచి, కాగితం ఖర్చు ఇంత పెరిగిందేమిటి, స్టోరులో ఎవరైనా చేతివాటం చూపిస్తున్నారా అని అడిగారు. ఒక్కో జాబు వివరాలు రాసుకునే జాబ్ కార్డులన్నీ ముందేసుకుని రెండు రోజులు కూర్చున్నాను. స్టోరు కుర్రాడి తప్పేం లేదు. పెరిగిన వేస్టేజి అంతా ఒకే మెషిన్ మీద, ఒకే తేదీ నుంచి మొదలైంది. కొత్త మెషిన్‌మ్యాన్ చేరిన తేదీ అది.

ఆ తర్వాత మూడేళ్లు ఈ లెక్క రాశాను. ఇప్పుడు చిన్న సంస్థల వాళ్లు అడిగితే చెప్పేది కూడా ఇదే. మీది ప్రెస్ కానక్కర్లేదు. క్లినిక్, స్కూలు, సాఫ్ట్‌వేర్, గోడౌన్ ఏదైనా పద్ధతి ఒక్కటే.

ముందు ఒక రిజిస్టరు

ఒక పొడుగు పుస్తకం కానీ కంప్యూటర్‌లో ఒక షీటు కానీ చాలు. గత రెండేళ్లలో మానేసిన ప్రతి మనిషికీ ఒక వరస. అందులో ఆరు గడులు: ఏ సీటు, చేరిన తేదీ, వెళ్లిన తేదీ, ఎవరి కింద పనిచేశారు, ఎలా వెళ్లారు, ఎక్కడికి వెళ్లారు.

పేరు కన్నా సీటు ముఖ్యం. పేర్లు రాసుకుంటే మనసు కథలు అల్లుతుంది, 'వాడు మొదటి నుంచీ అంతే' అని. సీటు రాసుకుంటే ఒకే కుర్చీలో నలుగురు మారినట్టు కనిపిస్తుంది.

ఎలా వెళ్లారన్న గడిలో కనీసం నాలుగు రకాలు వేరు చేయండి. చెప్పి మానేసినవాళ్లు, చెప్పకుండా రావడం మానేసినవాళ్లు, మనం పంపేసినవాళ్లు, ఇక రిటైర్‌మెంటు, అనారోగ్యం, మరణం లాంటివి. మొదటి రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. కావు. చెప్పి వెళ్లినవాడికి మన మీద ఇంకా కొంత మర్యాద మిగిలి ఉంది. చెప్పకుండా పోయినవాడికి, చెప్పినా ప్రయోజనం లేదని అర్థమైపోయింది.

దీనికి పెద్ద ఉదాహరణ అమెరికాలో ఫోర్డ్ మోటార్ కంపెనీ. 1913లో ఆ కంపెనీ హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో సగటున పదమూడున్నర వేల మంది పనిచేసేవాళ్లు. ఆ సంఖ్య నిలబెట్టుకోవడానికి ఏడాదిలో 50 వేల మందికి పైగా కొత్తవాళ్లని తీసుకోవాల్సి వచ్చింది. అట్రిషన్ రేటు, అంటే సగటు సిబ్బందితో పోలిస్తే మానేసినవాళ్ల శాతం, 370. ఆ ఏడాది మార్చి నెల లెక్కలు చూస్తే, వెళ్లినవాళ్లలో 71 శాతం మంది రాజీనామా ఇచ్చినవాళ్లూ కారు, తీసేసినవాళ్లూ కారు. వరసగా ఐదు రోజులు రాకపోతే పేరు కొట్టేసేవాళ్లు, వీళ్లంతా అలా పేరు పోయినవాళ్లు. అంటే గేటు దాటి వెళ్లి మళ్లీ రాలేదు, అంతే. ఒకే చిన్న పనిని రోజంతా చేయడం మనుషులకి ఎలా అనిపించిందో చెప్పడానికి ఆ ఒక్క అంకె చాలు. వేరే గడి పెట్టి రాసుకున్నారు కాబట్టే అది బయటపడింది.

శాతం ఎలా కట్టాలి

ఇది తేలిక. ఏడాదిలో మానేసినవాళ్ల సంఖ్యని సగటు సిబ్బంది సంఖ్యతో భాగించి వందతో గుణించాలి. సగటు కోసం పన్నెండు నెలల చివరి సంఖ్యలు కూడి పన్నెండుతో భాగించండి. మా ప్రెస్‌లో ఒక ఏడాది 11 మంది మానేశారు, సగటు సిబ్బంది 34. అంటే 32 శాతం. ఒక నెలలో ముగ్గురు వెళ్లారని దాన్ని పన్నెండుతో గుణించి భయపడకండి. చిన్న సంస్థల్లో ఆ గుణకారం ఎప్పుడూ అబద్ధమే చెబుతుంది.

అసలు చిక్కు ఏమిటంటే ఆ 32 శాతం కూడా సగం అబద్ధమే. ప్రతి ముగ్గురిలో ఒకరు వెళ్లిపోతున్నారని వినపడుతుంది. ఓనరు గారికి టెన్షన్ వచ్చేసింది, ప్రెస్ మొత్తం ఖాళీ అయిపోతోందని. రిజిస్టరు తీసి సీట్ల వారీగా చూస్తే కథ వేరు. 11 మందిలో 8 మంది బైండింగ్‌లో ఉన్న రెండే సీట్ల నుంచి వెళ్లారు. ఆ రెండు సీట్లలో ఏడాది మొదట్లో ఉన్న ఇద్దరు వెళ్లారు, వాళ్ల స్థానంలో వచ్చిన ఆరుగురు ఒకరి తర్వాత ఒకరు వెళ్లారు. మిగతా 32 సీట్లలో మానేసింది ముగ్గురే. అంటే 9 శాతం చిల్లర.

అందుకే రెండో అంకె కూడా కట్టాలి. ఏడాది కిందట ఉన్నవాళ్లలో ఇప్పటికీ ఎంతమంది ఉన్నారు? మా 34 మందిలో 29 మంది ఉన్నారు. 85 శాతం. దీన్ని నిలకడ శాతం అనుకోవచ్చు. మొదటి అంకె ఎక్కువగా ఉండి రెండోది కూడా బాగుంటే, జబ్బు ఒకటి రెండు సీట్లలోనే ఉందని అర్థం. మొదటిది ఎక్కువగా ఉండి రెండోది పడిపోతే ఇంటికే చెద పట్టినట్టు. రెండింటికీ మందు వేరు. ఒక్క శాతం పట్టుకుని అందరికీ బోనస్ ప్రకటించే ఓనర్లని చూశాను, మొదటి రకం జబ్బుకి రెండో రకం మందు వేసినట్టు.

ఖర్చుని డబ్బుల్లో రాయకండి

రోజుల జీతంలో రాయండి. మానేసిన మనిషి ఒక రోజు జీతాన్ని 'ఒక రోజు' అనుకుని, ప్రతి ఖర్చునీ అలాంటి రోజుల్లోకి మార్చండి. జీతాలు పెరుగుతాయి, డబ్బు విలువ మారుతుంది, రోజులు మారవు. మూడేళ్ల కిందటి లెక్కని ఈ ఏడాది లెక్క పక్కన పెట్టి చూడొచ్చు. ఇంకో లాభం, డబ్బు అంకె చెబితే ఓనర్లు బిల్లు చూసినట్టు చూసి పక్కన పెడతారు. "మనం ఒకతనికి ఇన్ని రోజులు ఊరికే జీతం ఇచ్చాం" అంటే తల ఎత్తి చూస్తారు.

ఆ మెషిన్‌మ్యాన్ లెక్క నేను కట్టింది కట్టినట్టు చెబుతాను. ఫోర్‌మన్ రోజు జీతం అతని రోజుకి ఒకటిన్నర రెట్లు. ఓనరు గారి రోజుని మూడు రెట్లుగా వేసుకున్నాను, ఆయన ఆరు రెట్లు వేయమన్నారు కానీ.

మానేస్తున్నానని చెప్పాక ఉన్న పదిహేను రోజుల్లో పని నెమ్మదించింది. అది సహజం, తప్పుపట్టను. మూడు రోజులు పోయాయనుకున్నాను. సెటిల్‌మెంట్ కాగితాలకి నాకో రోజు, ఓనరు గారికి సగం రోజు, కలిపి రెండున్నర.

తర్వాత 24 పని దినాలు సీటు ఖాళీ. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. ఆ 24 రోజులూ మనం జీతం ఇవ్వలేదు, అది మిగులు. నిజాయితీగా రాయాలి. కానీ అదే సమయంలో రెండో షిఫ్టు మెషిన్‌మ్యాన్‌కి 20 రోజుల విలువైన ఓవర్‌టైమ్ ఇచ్చాం. నాలుగు జాబులు బయటి ప్రెస్‌కి ఇచ్చాం, మా సొంత ఖర్చు కన్నా 14 రోజుల విలువ ఎక్కువైంది. 34లో 24 తీసేస్తే 10 రోజులు. సీటు ఖాళీగా ఉంచితే జీతం మిగులుతుందనే ఆశ ఎంతవరకు నిజమో ఆ అంకె చెబుతుంది.

కొత్త మనిషిని వెతకడం. ప్రకటనకి 2 రోజులు. ఓనరు గారు రెండు రోజుల పాటు మనుషులతో మాట్లాడారు, అది 6. ఫోర్‌మన్ ముగ్గురికి మెషిన్ మీద ట్రయల్ పెట్టాడు, రెండు రోజులు, అంటే 3. మొత్తం 11.

నేర్పడం. ఫోర్‌మన్ రెండు వారాలు సగం సగం పూట పక్కన నిలబడ్డాడు. ఆరు రోజులు, ఒకటిన్నర చొప్పున 9.

కొత్తవాడి చేయి కుదరడం. ఇది ఎవరూ రాయరు, కానీ పెద్ద ఖర్చుల్లో ఇదొకటి. అతను అనుభవం ఉన్నవాడే, పనిదొంగ కాదు. కానీ ప్రతి మెషిన్‌కీ ఒక స్వభావం ఉంటుంది. మా దాంట్లో ఎండాకాలం ఎర్ర రంగు మిగతా రంగుల మీద సరిగ్గా కూర్చోకుండా కాస్త పక్కకి జరుగుతుంది, పాత మనిషికి ఆ సంగతి చేతుల్లోనే ఉండేది. జాబ్ కార్డుల ప్రకారం కొత్తవాడి పని మొదటి నెల సగం, రెండో నెల ముప్పావు, మూడో నెల పదింట తొమ్మిది వంతులు. నెలకి 26 పని దినాలు వేసుకుంటే పోయింది 13, ఆరున్నర, రెండున్నర చిల్లర. మొత్తం 22.

వేస్టేజి. మామూలుగా పోయే దానికన్నా అదనంగా పోయిన కాగితం 16 రోజులు. ఒక జాబు మొత్తం తిరిగి అచ్చు వేయాల్సి వచ్చింది, 12 రోజులు. కలిపి 28. ఆలస్యమైందని ఒక పార్టీకి తగ్గించిన మొత్తం 6.

కూడితే 91న్నర రోజులు. మూడున్నర నెలల జీతం. ఏడాది జీతంలో 29 శాతం.

ఇది ఎక్కువా తక్కువా? 2012లో అమెరికాలో సెంటర్ ఫర్ అమెరికన్ ప్రోగ్రెస్ అనే సంస్థ అప్పటికి వచ్చిన పదకొండు పరిశోధన పత్రాల్లోని 30 ఉదాహరణలు దగ్గర పెట్టి చూసింది. మధ్య అంకె ఏడాది జీతంలో 21 శాతం దగ్గర తేలింది. పెద్ద అధికారుల దగ్గర అది వంద శాతం దాటి చాలా దూరం పోతుంది, తక్కువ జీతాల పనుల్లో అంతకన్నా కాస్త తక్కువ ఉంటుంది. చేతి నైపుణ్యం ఉన్న పని కాబట్టి మాది కొంచెం పైన ఉంది. 'ఒక మనిషి పోతే రెండేళ్ల జీతం పోయినట్టే' అని ఎవరైనా అందరికీ కలిపి ఒకే మాట చెబితే, వాళ్లు ఏదో అమ్మడానికి వచ్చారని నా అనుమానం.

రెండు కాలమ్‌లు

91న్నర అని చెప్పగానే ఓనరు గారు ఒక ప్రశ్న వేశారు. "ఫోర్‌మన్‌కి ఎలాగూ జీతం ఇస్తాం కదమ్మా, అతని ఆరు రోజులు మనకి కొత్తగా పోయిందేముంది?" మంచి ప్రశ్న. దీనికి జవాబు లేకుండా లెక్క చూపిస్తే మొత్తం లెక్క మీదే నమ్మకం పోతుంది.

అందుకని రెండు కాలమ్‌లు పెట్టండి. చేతి నుంచి నిజంగా బయటికి పోయిన డబ్బు ఒకటి, పోయిన సమయం ఇంకొకటి. మా లెక్కలో మొదటి దాంట్లో ఓవర్‌టైమ్, బయటి ప్రెస్, ప్రకటన, వేస్టేజి, డిస్కౌంటు కూడి, మిగిలిన జీతం తీసేస్తే 46 రోజులు. రెండో దాంట్లో మిగతా 45న్నర. మొదటిది ఎవరూ కాదనలేరు, బిల్లులున్నాయి. రెండోదానికి మాత్రం ఒక ప్రశ్న అడగాలి: ఆ సమయంలో ఆ మనిషి చేయకుండా వదిలేసిన పని ఏమిటి? మా ఫోర్‌మన్ ఆ రెండు వారాల్లో రోలర్ల సర్వీసు వాయిదా వేశాడు. అది తర్వాత ఎలా తిరగబెట్టిందో వేరే కథ.

ఒక జాగ్రత్త. ఒకే నష్టాన్ని రెండుసార్లు రాయకండి. సీటు ఖాళీగా ఉన్న రోజుల్లో ఆగిన పనికి నష్టం వేసి, అదే పని చేయించడానికి ఇచ్చిన ఓవర్‌టైమ్ కూడా వేస్తే లెక్క ఉబ్బిపోతుంది. నా మొదటి ప్రయత్నంలో 130 దాకా పోయింది, అలా ఉబ్బే.

అయితే అడిగినంత జీతం ఇచ్చేస్తే సరిపోయేదా

ఇక్కడ నిదానంగా ఆలోచించాలి. ఆ మెషిన్‌మ్యాన్ ఆరు నెలల ముందు నెలకి రెండున్నర రోజుల జీతం పెంచమని అడిగాడు. ఏడాదికి 30 రోజులు. 91న్నర పోగొట్టుకున్నాం, అంటే మూడేళ్ల పెంపు కన్నా ఎక్కువ. పైగా కొత్తవాడు అంతకన్నా ఎక్కువ జీతానికే చేరాడు. ఈ లెక్క విన్న ఎవరైనా 'చూశారా, ఇచ్చేయాల్సింది' అంటారు. మొదట నేనూ అలాగే అన్నాను.

కానీ ఒక్కడికి పెంచి ఊరుకోలేం. మెషిన్‌మ్యాన్లు నలుగురు. ఒకడికి పెంచిన సంగతి మిగతా ముగ్గురికీ సాయంత్రంలోగా తెలుస్తుంది. నలుగురికీ అంటే ఏడాదికి 120 రోజులు, ప్రతి ఏడాదీ. 120ని 91న్నరతో భాగిస్తే 1.3. అంటే ఆ పెంపు వల్ల ఏటా ఒకరికన్నా ఎక్కువమంది ఆగితేనే అది లెక్కకి నిలబడుతుంది. నలుగురున్న చోట అప్పటికి మూడేళ్లలో మానేసింది ఒక్కడే. కాబట్టి ఈ ఒక్క కారణంతో అందరికీ పెంచడం లెక్కకి నిలబడదు. జీతాలు పెంచకూడదని నేను అనడం లేదు, పెంచడానికి వేరే మంచి కారణాలు చాలా ఉన్నాయి. ఒక మనిషి వెళ్లిన బాధలో పడి ఆ నిర్ణయం చేయకండి.

ఫోర్డ్ కథని అందరూ జీతం కథగానే చెబుతారు. 1914 జనవరిలో రోజుకి ఐదు డాలర్లు ప్రకటించడం, పని వేళలు తొమ్మిది గంటల నుంచి ఎనిమిదికి తగ్గించడం, 1915 నాటికి 370 శాతం 16 శాతానికి పడిపోవడం నిజమే. కానీ 370 శాతం ఉన్నచోట మనిషికి రెట్టింపు ఇచ్చినా గిట్టుబాటు కావచ్చు. 10 శాతం ఉన్నచోట అవ్వదు. ఇంకో సంగతి, ఐదు డాలర్ల కన్నా ముందే 1913 శరదృతువులో ఆ కంపెనీ కొన్ని మార్పులు చేసింది. అందులో ఒకటి, ఫోర్‌మన్లు తమ ఇష్టానికి మనుషుల్ని తీసేసే అధికారానికి అడ్డుకట్ట వేయడం. ఆ ముక్క ఎవరికీ గుర్తుండదు.

మా మెషిన్‌మ్యాన్ అసలు ఎందుకు వెళ్లాడో నాకు నాలుగు నెలల తర్వాత తెలిసింది. జీతం కాదు. రేపు ఏ షిఫ్టో ముందురోజు రాత్రి ఫోన్‌లో చెప్పేవాళ్లు. కూతురిని బడికి ఎవరు దింపాలో ఇంట్లో రోజూ గొడవ. పెంపు అడిగింది కూడా, ఆ అవస్థకి కనీసం ఇదైనా వస్తే భార్యకి చెప్పుకోవచ్చని. షిఫ్టు చార్టు శనివారమే గోడకి అంటించడానికి ఖర్చు ఒక కాగితం.

కారణం ఎప్పుడు, ఎలా అడగాలి

వెళ్లే రోజు అడిగితే నిజం రాదు. "ఇంట్లో పరిస్థితి బాలేదు", "ఊరు దగ్గర్లో దొరికింది" అంటారు. సెటిల్‌మెంట్ ఇంకా మన చేతిలో ఉంది, రేపు ఎవరైనా ఫోన్ చేసి వీడెలాంటివాడని అడిగితే చెప్పేది మనమే. అతను నిజం ఎందుకు చెబుతాడు? డబ్బంతా చేతికిచ్చి, అనుభవం సర్టిఫికెట్ ఇచ్చి, మూడు నెలలు ఆగి ఫోన్ చేయండి. చేసేది ఓనరో, పై అధికారో కాకూడదు. నాలాంటి మూడో మనిషి చేయాలి.

'ఎందుకు మానేశావు' అని కూడా అడగకండి. ఆ ప్రశ్నకి మనుషులు తయారు చేసుకున్న జవాబు చెబుతారు. 'మానేద్దామని మొదటిసారి ఏ రోజు అనిపించింది, ఆ రోజు ఏం జరిగింది' అని అడగండి. 1994లో థామస్ లీ, టెరెన్స్ మిచెల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఇదే సంగతి వివరంగా రాశారు. అసంతృప్తి మెల్లగా పేరుకుని మానేసేవాళ్లు కొందరే, చాలాసార్లు ఏదో ఒక సంఘటన కుదుపుతుంది, అక్కడి నుంచి మనిషి ఆలోచించడం మొదలుపెడతాడని. నేను పదిమందికి పైగా ఫోన్ చేశాను. దాదాపు అందరికీ తేదీ గుర్తుంది! ఒకతనికి వారం కూడా గుర్తుంది. అందరి ముందూ అచ్చు ప్లేటు విసిరేసిన రోజు.

వెళ్లినవాళ్ల కన్నా ఉన్నవాళ్లని అడగడం ఇంకా మంచిది. నాలుగేళ్లు దాటినవాళ్లని కూర్చోబెట్టి, 'మానేద్దామనుకుని ఆగిపోయిన రోజు ఉందా, ఎందుకు ఆగావు' అనండి. కంప్యూటర్‌లో పేజీలు పేర్చే మా డీటీపీ అమ్మాయి చెప్పిన జవాబు: "ప్రూఫ్‌లో తప్పు పోతే సార్ ముందు పార్టీతో మాట్లాడి, తర్వాత నన్ను లోపలికి పిలిచి తిడతారు మేడం. బయట తిట్టరు." అది ఓనరు గారికి తాను చేస్తున్నట్టే తెలియదు.

మొదటి నలభై రోజులు

బైండింగ్‌లో ఆ రెండు సీట్ల సంగతి మిగిలింది. అక్కడ వెళ్లిన ఆరుగురు కొత్తవాళ్లలో నలుగురు నలభై రోజుల లోపే వెళ్లారు. ఇది మా ఒక్కరి వింత కాదు. 1950లో లండన్‌లోని టావిస్టాక్ సంస్థ పరిశోధకులు ఫ్యాక్టరీల్లో చేరినవాళ్ల తేదీలు వరసగా పెట్టి చూశారు. మొదట్లో ఒక గండం ఉంటుంది, చాలామంది అక్కడే పోతారు. అది దాటినవాళ్లు కొన్నాళ్లు ఊగిసలాడతారు. దాన్నీ దాటితే కుదురుకుంటారు. రిజిస్టరులో చేరిన తేదీ, వెళ్లిన తేదీ రెండూ ఎందుకు రాయమన్నానంటే ఇందుకే. ఒక్కొక్కరు ఎన్ని రోజులున్నారో చిన్న దాని నుంచి పెద్ద దాకా వరసగా రాయండి. చేరినవాళ్లలో సగం మంది ఎన్నో రోజుకి వెళ్లిపోయారో చూడండి. ఆ రోజు రెండో నెలలోనే ఉంటే తప్పు పనిది కాదు, మనం మనిషిని తీసుకునే తీరుది.

మా దగ్గర జరిగింది ఇది. బైండింగ్ పని అని చెప్పి తీసుకుని, మొదటి నెలంతా కట్టలు మోయించడం, మడతలు వేయించడం. కుట్టు మెషిన్ దగ్గరికి కూడా రానివ్వరు. పని నేర్చుకుందామని వచ్చిన కుర్రాడు నెల తిరిగేసరికి తాను మోసపోయాననుకుంటాడు. నేర్పేవాళ్లెవరో కూడా ఎవరికీ తెలియదు, ఎవరికి తీరికుంటే వాళ్లు అరుస్తారు.

మేము చేసింది మూడు పనులు. చేరకముందు సగం పూట ఆ టేబుల్ దగ్గరే కూర్చోబెట్టి అసలు పని చూపించాం, ఇద్దరు అప్పుడే వద్దని వెళ్లిపోయారు. అది నష్టం కాదు, చవకైన వీడ్కోలు. చేరినవాడికి నేర్పే మనిషిని ఒక్కణ్ణి పేరు పెట్టి చెప్పాం, అతనికి ఆ నెల టార్గెట్ తగ్గించాం. తగ్గించకపోతే నేర్పడం మాటల్లోనే మిగులుతుంది. మూడోది, రెండో వారం నుంచి రోజూ ఒక గంట కుట్టు మెషిన్ మీద పెట్టాం. తర్వాతి ఏడాది ఆ రెండు సీట్ల నుంచి వెళ్లింది ఒక్కడు. బైండింగ్ కుర్రాడు మానేస్తే ఖర్చు మెషిన్‌మ్యాన్ అంత కాదు, నా లెక్కలో 19 రోజులు. కానీ ఎనిమిది సార్లు 19 అంటే 152. ఒక్క మెషిన్‌మ్యాన్ వెళ్లిన దానికి ఇల్లు కూలినట్టు కూర్చున్న మేము, అంతకన్నా ఎక్కువ బైండింగ్‌లో పోతుంటే ఎనిమిదేళ్లు పట్టించుకోలేదు.

సున్నా కోసం పరిగెత్తకండి. ఎవరూ మానేయని చోట కొత్త చేయి రాదు. కొందరు వెళ్తే మిగతావాళ్లకి ఊపిరి ఆడుతుంది కూడా. మాకు అలాంటి వీడ్కోలు ఒకటి ఉంది, ఆ నెల వేస్టేజి తగ్గింది. అందుకని రిజిస్టరులో ఏడో గడి ఒకటి చేర్చండి: ఈ మనిషి తిరిగొస్తానంటే తీసుకుంటామా? అవును, కాదు. 'అవును' ఉన్న వరసలనే విడిగా లెక్కపెట్టండి. మీరు తగ్గించాల్సింది ఆ సంఖ్యనే.

పాత రికార్డులు లేవని ఆగిపోవద్దు. వెళ్లిన తేదీ రాసి లేకపోతే జీతాల పుస్తకంలో ఆఖరి సంతకం ఏ నెలలో ఉందో చూడండి. ఎవరి కింద పనిచేశారో తెలియకపోతే జాబ్ కార్డుల మీద, డ్యూటీ చార్టుల మీద ఉంటుంది. వేస్టేజి అదనం ఎంతో కట్టడానికి, వెళ్లకముందు మూడు నెలల సగటు తీసుకుని, కొత్తవాడు వచ్చాక మూడు నెలల్లోంచి తీసేయండి. ఎండాకాలంతో వానాకాలాన్ని మాత్రం పోల్చకండి, కాగితానికి తేమ తేడా ఉంటుంది. మొదటిసారి ఇదంతా చేయడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఆ రెండు సాయంత్రాలూ 'పోయిన సమయం' కాలమ్‌లో వేశాను, ఓనరు గారు చూసి నవ్వి సంతకం పెట్టారు.